మాగిన పండూ మిలిటరీ జీపూ

పొద్దున్నే లేవగానే కావలివాడు ఆరోగ్యం చేసే మొదటి పని జీపు దగ్గరికెళ్ళి ఒక బోల్టు తిప్పి చూడటం. కదిలితే ఆ రోజు మంచి రోజు. కదలకపోతే దాని మీద నాలుగు చుక్కల కిరసనాయిలు వేసి, నాలుగు చెట్ల అవతలికి పోయి చుట్ట ముట్టించి, తోట చుట్టూ ఒకసారి తిరిగొచ్చి గంజి కాచుకునేవాడు. ఒక్క మనిషికి గంజి కాయడం ఎంత కష్టమో ఒంటరిగా ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. ఎంత తక్కువ కాచినా మిగులుతుంది. మిగిలింది మధ్యాహ్నం తాగేవాడు. అప్పటికీ మిగిలితే రాత్రికి.

మామిడితోట సుబ్రహ్మణ్యంగారిది. నూజివీడు నుంచి చాట్రాయి వెళ్ళే దారిలో, ఊరికి మైలు దూరంలో ఉంది. ఆరోగ్యం దానికి కావలివాడు. యుద్ధకాలంలో బర్మా సరిహద్దులో మిలిటరీ లారీ తోలి, ఎడమ మడమకి దెబ్బ తగిలించుకుని వచ్చాడు. కొన్నాళ్ళు హనుమాన్ జంక్షన్లో లారీల షెడ్డులో మెకానిక్కుగా చేశాడు. కాలు బాగయ్యాక పెళ్ళి చేసుకుందామనుకున్నాడు. కాలు పూర్తిగా బాగవలేదు, ఈలోగా తల్లి పోయింది, ఆ తర్వాత పెళ్ళి మాట ఎత్తేవాళ్ళే లేకపోయారు. అలా నలభై ఆరేళ్ళు వచ్చేశాయి.

ఆ జీపు సుబ్రహ్మణ్యంగారి తండ్రి యుద్ధం అయ్యాక మిలిటరీ వేలంలో కొన్నది. రెండేళ్ళు వేటకి తిరిగి, ఆయన పోయాక తోట మూలన పడింది. చెదపుట్ట అడుగునుంచి లేచి స్టీరింగు దాకా పెరిగింది. యాభై ఎనిమిది వేసవిలో ఆరోగ్యం వెళ్ళి అడిగితే సుబ్రహ్మణ్యంగారు పడక్కుర్చీలోంచి లేవకుండానే, "తీసుకుపోవోయ్, పుణ్యముంటుంది. పుట్టలో పాముంటే అదీ నీదే," అన్నారు.

పాము లేదు. ఇంజనులో ముంగిస పిల్లలు మాత్రం ఉన్నాయి. అవి పెద్దవై వెళ్ళిపోయేదాకా ఆరోగ్యం ఇంజను జోలికి పోలేదు. తొందరేముంది?

డబ్బు లేని మనిషి బండి బాగుచేయాలంటే ఓపికే పెట్టుబడి. తుప్పు తిన్న అడుగు కోసేసి, ఖాళీ ఆయిలు పీపా రేకు సాగగొట్టి బిగించాడు. బ్రేకుల్లో తోలు వాషర్లు చెప్పులు కుట్టే రాములు కత్తిరించి ఇచ్చాడు. కార్బురేటరు సన్నరంధ్రాలు కోడి ఈకతో శుభ్రం చేశాడు. రేడియేటరు కారుతుంటే గుప్పెడు పసుపు పోశాడు. పసుపు వెళ్ళి చిల్లుల్లో కూర్చుంది, కారడం ఆగింది, కాకపోతే ఆవిరి లేచినప్పుడల్లా పప్పు ఉడుకుతున్న వాసన వేసేది. సీట్లు గోనెసంచుల్లో కొబ్బరిపీచు కుక్కి కుట్టాడు. రంగుకి ఎవరి ఎడ్లబండికో వేయగా మిగిలిన నీలం దొరికింది, అది బానెట్టుకి చాలింది. మిగతాదంతా తుప్పు పట్టకుండా పూసే ఎర్రటి సిందూరమే. ఒక హెడ్‌లైటు కంట్లో దీపం ఉంది, రెండో కంట్లో లేదు.

ఇదంతా అయ్యేసరికి మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళూ ఆయన సంతోషంగానే ఉన్నాడు. పొద్దుపోయాక జీపు పక్కన కూచుని దానితో మాట్లాడేవాడు కూడా. మనిషన్నాక ఎవరితోనో ఒకరితో మాట్లాడాలి గదా.

అరవై ఒకటి ఏప్రిల్లో పెట్రోలు పోసి హ్యాండిలు తిప్పాడు. ఉలుకూ పలుకూ లేదు. ప్లగ్గు తీసి చూశాడు, నిప్పు పుడుతోంది. పైపు ఊది చూశాడు, పెట్రోలు వస్తోంది. చెయ్యాల్సినవన్నీ చేశాడు. నాలుగు రోజులు భుజాలు పడిపోయేలా తిప్పాడు. పక్క పొలం వీరయ్య రోజూ గట్టు మీద కూచుని చూసేవాడు.

"ఎక్కడికి పోదామని తిప్పుతున్నావు?" అన్నాడు నాలుగో రోజు.

"ఎక్కడికీ లేదు బాబాయ్. ముందు కదలనీ."

ఐదో రోజు పొద్దున ఊళ్ళోంచి నర్సమ్మ రిబ్కమ్మ గబగబా నడిచొచ్చింది. ఆవిడ మిషనాసుపత్రిలో పనిచేసి, భర్త పోయాక ఇక్కడికొచ్చి చుట్టుపక్కల పల్లెల్లో పురుళ్ళు పోస్తోంది. నలభై దాటిన మనిషి, తెల్ల చీర, చేతిలో ఎప్పుడూ ఒక తోలుసంచి.

"ఆరోగ్యంగారూ, చాట్రాయిలో కామేశ్వరికి నిన్నటినుంచి నొప్పులంట. బస్సు వెళ్ళిపోయింది. మీ బండి నడుస్తుందాండీ?"

"నడవదండీ," అన్నాడు ఆరోగ్యం సిగ్గుపడుతూ.

ఆవిడ వినిపించుకోకుండా ఎక్కి గోనెసీటు మీద కూచుంది. హ్యాండిలు ఇలా తిప్పాడో లేదో ఇంజను అందుకుంది. తోటలో కాకులన్నీ లేచిపోయాయి.

వీరయ్య గట్టు మీదినుంచే తలాడించి, "మరి అక్కడ నర్సమ్మ కోసం ఎదురుచూస్తున్నారు గదా," అన్నాడు. అంతకుమించి ఎవరూ ఏమీ అనుకోలేదు. కొన్ని ఎడ్లు నీళ్ళలోకి దిగవు, కొన్ని దిగుతాయి. ఈ జీపు ఎవరైనా ఎదురుచూస్తున్న చోటికే వెళ్తుంది.

కామేశ్వరికి ఆడపిల్ల పుట్టింది. చిక్కంతా తిరుగుప్రయాణంలో వచ్చింది. హ్యాండిలు ఎంత తిప్పినా జీపు కదల్లేదు. రిబ్కమ్మ చెట్టు కింద సంచి ఒళ్ళో పెట్టుకుని కాసేపు చూసి, "మీ ఇంట్లో ఎవరున్నారండీ?" అని అడిగింది.

"ఎవరూ లేరండీ. మీ ఇంట్లో?"

"ఎవరూ లేరు."

ఆయన హ్యాండిలు తీసి సీటు కింద పెట్టేశాడు. తర్వాత ఆరోగ్యం వెళ్ళి ఒక రైతుని బతిమాలి ఎడ్లజత కట్టించాడు. బానెట్టుకి నీలం రంగేసిన జీపుని ఎడ్లు లాక్కెళ్తుంటే ఇద్దరూ అందులో కూచుని ఊరు చేరారు. దారిలో పిల్లలు నవ్వారు. ఆయనకి నవ్వు రాలేదు. మూడేళ్ళు కష్టపడి బాగుచేసిన బండి, తన కోసం ఎదురుచూసే ప్రాణి భూమ్మీద లేదని నాలుగూళ్ళకీ చాటుతోంది మరి.

ఊళ్ళోవాళ్ళు తలో ఉపాయం చెప్పారు. కుక్కని పెంచుకోమన్నారు. పెంచాడు. అది రొయ్యలమ్మే మనిషి కోసం ఎదురుచూసేది. వీరయ్య తానే అరుగు మీద కూచుని చూస్తానన్నాడు. జీపు సగం దారి వచ్చి ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే వీరయ్యకి కల్లుపాక గుర్తొచ్చిందని తర్వాత తేలింది. "నా మనసేం నా చేతిలో ఉందా?" అన్నాడు గాని, రెండు రోజులు ఆరోగ్యానికి ఎదురుపడలేదు.

మార్గం మామిడికాయే చూపించింది. మేలో ఆరోగ్యం చిన్నరసాలు కోసి కొట్టుగదిలో గడ్డిలో మాగేశాడు. ఆ వారంలో జి. కొండూరు వైపు పురుడు పోసి వస్తుంటే జీపు మొదటి తిప్పుకే అందుకుంది. ఇంటికొచ్చి గది తలుపు తీస్తే గుప్పున వాసన. పై వరసలో పండు సరిగ్గా అప్పుడే పక్వానికొచ్చి ఉంది. నూజివీడు మనిషికి వేరే చెప్పక్కర్లేదు, మాగిన పండుకి చెయ్యి కావాలి. ఆ పూట తినకపోతే మర్నాటికి మచ్చ పడుతుంది. అంతకన్నా గట్టి ఎదురుచూపు ఏముంటుంది?

ఇక ఆ వేసవంతా రోజుకి నాలుగు కాయలు, వరసలు తప్పకుండా మాగేశాడు. ఏ పూటకి ఆ పూట ఒక పండు సిద్ధంగా ఉండేది. జీపు చాట్రాయి వెళ్ళింది, వాగులు దాటింది, ఎడ్లబండి దిగబడే ఇసుకలో ముందు చక్రాలు కూడా పట్టుకుని లాగుతూ వెళ్ళింది. పిల్లలు పుట్టారు. తిరిగొచ్చాక ఆరోగ్యం గడ్డిలోంచి పండు తీసి, రిబ్కమ్మకొకటి ఇచ్చి, తనొకటి తినేవాడు. ఆవిడ చేతులు తడవకుండా, చీర మీద చుక్క పడకుండా తినేది. ఆయనకి మాత్రం మోచేతులదాకా కారేది. ఆ పది నిమిషాలూ అరుగు మీద ఇద్దరున్నారు అనిపించేది. తర్వాత ఆవిడ సంచి తీసుకుని ఊళ్ళోకి వెళ్ళిపోయేది. ఆయన టెంకలు పారేసి గంజి కాచుకునేవాడు.

జూన్ దాటింది. చివరి రసం ఆయనే తిన్నాడు. గడ్డి మొత్తం దులిపి ఆరేశాడు.

ఆగస్టులో చాట్రాయి అవతలి పల్లెలో కవలల పురుడు. వెళ్ళేటప్పుడు జీపు బాగానే వెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు చాట్రాయి దగ్గర ఒకసారి ఆపితే మళ్ళీ లేవలేదు. అక్కడిదాకానైనా వచ్చిందంటే, నర్సమ్మకి బిడ్డని చూపించాలని కామేశ్వరి ఎదురుచూస్తుండబట్టే. నాట్ల రోజులు. ఎడ్లన్నీ దమ్ములో ఉన్నాయి, ఎవరిని అడిగినా చేతులెత్తేశారు.

"రేపు ఊళ్ళో సవరమ్మకి నెలలు నిండుతాయండీ," అంది రిబ్కమ్మ. "నేను బస్సులో వెళ్ళిపోతాను. మీరు..."

"మీరు వెళ్ళండి. నేను ఎడ్లు చూసుకుని వస్తాను."

ఆవిడ బస్సెక్కింది. కిటికీలోంచి ఒకసారి వెనక్కి చూసింది. ఆరోగ్యం చెయ్యెత్తలేదు.

ఆ రోజు ఎడ్లు దొరకలేదు. మర్నాడూ దొరకలేదు. ఆయన జీపులోనే పడుకున్నాడు, వాన పడుతుంటే లారీ టార్పాలిను కప్పుకున్నాడు. చిల్లరకొట్టు దగ్గర అటుకులు తిన్నాడు. దారినపోయేవాళ్ళు "ఏంటి ఆరోగ్యం, ఇంకా ఇక్కడే ఉన్నావా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా పోయేవాళ్ళు. మూడో రోజు పొద్దువాలేసరికి ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. జీపు ఇక్కడే ఎవరికైనా ఇచ్చేయాలి. పిల్లలున్నవాడికి, పెళ్ళామున్నవాడికి ఇది పనికొస్తుంది. తను నడిచి వెళ్ళి మళ్ళీ కావలి కాసుకోవాలి. చేసిన పనికి పశ్చాత్తాపం లేదు. కాకపోతే ఈ లోకంలో నువ్వు ఎక్కడికైనా రావచ్చు, రాకపోనూవచ్చు అని ఒక ఇనపముక్క చేత అనిపించుకోవడం మామూలు మాట కాదు.

వెళ్ళేముందు రేడియేటరు మూత బిగించాడు, గోనెసీటు దులిపాడు. అలవాటుకొద్దీ హ్యాండిలు పెట్టి ఒక్కసారి తిప్పాడు.

ఇంజను అందుకుంది.

ఆరోగ్యం హ్యాండిలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఎక్కడ ఆగిపోతుందోనని గబుక్కున ఎక్కి గేరు వేశాడు. దారి పొడుగునా ఒకటే లెక్క. ఎక్కడో ఒక పండు మిగిలిపోయింది. గడ్డి దులిపినప్పుడు మూలకి దొర్లి ఉంటుంది, ఇప్పటికి మాగిందేమో. పాపం, ఆగస్టుదాకా ఓపిక పట్టింది. దాన్ని ఎలాగైనా తినాలి. మచ్చ పడ్డా సరే తినాలి.

తోట చేరేసరికి ఇంకా వెలుగుంది. బండి ఆపీ ఆపకుండానే కుంటుకుంటూ కొట్టుగదిలోకి దూరాడు. గడ్డి మోపులు పక్కకి లాగాడు, తట్టలు బోర్లించాడు, మోకాళ్ళ మీద కూచుని మూలలన్నీ చేత్తో తడిమాడు. గది నిండా వరిగడ్డి దుమ్ము. పండు వాసనే లేదు.

"ఏం వెతుకుతున్నారండీ?"

రిబ్కమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. అరుగు చివర బోర్లించిన తట్ట మీద ఇందాకటినుంచీ కూచుని ఉంటే ఆయన ఆవిడ పక్కనుంచే లోపలికి పరిగెత్తాడు.

"పండండీ. ఎక్కడో మిగిలిపోయింది. బండి దానంతటదే..."

"పండేం లేదండీ. సవరమ్మకి కొడుకు. నిన్ననే అయిపోయింది. పొద్దున్నుంచీ ఇక్కడే కూచున్నాను," అంది ఆవిడ. నేల వంక చూస్తూ, "ఇంత సేపు పట్టిందేంటి?" అంది.

ఆరోగ్యానికి అర్థమవడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక గడ్డిలోనే కూలబడి, నలభై ఆరేళ్ళ మనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడ ఆపలేదు. తలలోంచి గడ్డిపరకలు ఒక్కొక్కటే తీసింది.

ఆయన రోమన్ కతోలిక్కు, ఆవిడ లూథరను. పెళ్ళి ఏ గుళ్ళో అన్నది ఫాదరుగారికీ పాస్టరుగారికీ మధ్య తేలేసరికి మరుసటి మామిడి కాపు కూడా వచ్చేసింది. పెళ్ళయిన మొదటి వారంలోనే అసలు చిక్కు బయటపడింది. ఇద్దరూ కలిసి పురుటికి వెళ్తే ఇంట్లో ఎదురుచూసేవాళ్ళు ఉండరు. గడ్డిలో పండుంది గదా అంటే అది రెండు నెలల ముచ్చట.

"నాకు బండి నేర్పండి," అంది రిబ్కమ్మ.

నేర్పాడు. ఆవిడ చెట్లకి రెండుసార్లు తగిలించింది, గట్టు మీదికి ఒకసారి ఎక్కించింది, వీరయ్య ఆ నెలంతా పొలం వైపు రాలేదు. వానలు మొదలయ్యాక ఒక రోజు తోలుసంచి పక్కన పెట్టుకుని, తెల్ల చీర కొంగు నడుముకి దోపుకుని, ఒక్కతే చాట్రాయి బయల్దేరింది.

ఆరోగ్యం అరుగు మీద తట్ట బోర్లించి కూచున్నాడు. భయమేసింది. ఆవిడ వచ్చేదాకా ఎవరూ తన కోసం ఎదురుచూడలేదు గాని, తను కూడా ఎవరి కోసమూ ఎదురుచూసి ఎరగడు. ఆ పని చేతనవుతుందో లేదో. వీరయ్యలా మధ్యలో మనసు ఎటైనా పోతే ఆవిడ ఏ వాగులోనో ఆగిపోతుంది. అందుకని చుట్ట ముట్టించలేదు. బోల్టులు తిప్పే పానాలు ముట్టుకోలేదు. చెట్ల మీద కాకుల్ని కూడా చూడలేదు. దారి వంకే చూస్తూ కూచున్నాడు. మధ్యాహ్నం అయింది. వాన వచ్చి వెలిసింది. మడమ సలుపుతున్నా కాలు చాపుకోలేదు.

పొద్దువాలుతుండగా లేచి, దారి మీదినుంచి చూపు తిప్పకుండానే, పొయ్యి మీద ఇద్దరికి గంజి పెట్టాడు. నీళ్ళు మరిగేసరికి మలుపు అవతలినుంచి ఇంజను చప్పుడు వినిపించింది, దాని వెనకే తడిసిన చెట్ల మధ్యలోంచి ఉడుకుతున్న పసుపు వాసన వచ్చింది.