ఆ ముప్పావు గంట

నేను ఒక కల్వాన్ని. మందులు నూరే నల్లరాతి గిన్నెను. పల్నాడులోని దుర్గిలో ఒక శిల్పి విగ్రహం చెక్కుతుంటే పక్కకు విరిగిపడిన ముక్క నేను. దేవుణ్ణి కావలసినదాన్నని కొంతకాలం గర్వంగానే ఉండేది. బాపట్లలో ఒక ఆయుర్వేద వైద్యుడు నన్ను కొని, పదిహేనేళ్ళు నాలో శొంఠీ పిప్పళ్ళూ నూరాక ఆ గర్వం అణిగింది. ఆయన పోయాక ఆయన భార్య నన్ను ఆసుపత్రి కాంపౌండరు యోనా గారికి ఇచ్చేసింది. యోనా గారి కొడుకే జ్ఞానప్రకాశం. నేను చెప్పబోయేది ఆయన సంగతి.

జ్ఞానప్రకాశం ఫార్మసీ చదివి, ముప్ఫై నాలుగో ఏట భార్య కరుణమ్మనూ ఇద్దరు కూతుళ్ళనూ వెంటబెట్టుకుని జాంబియా దేశంలో ఒక రాగి గనుల ఊరికి వెళ్ళాడు. అక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం. "ఆ దేశంలో రోళ్ళుంటాయో ఉండవో" అని కరుణమ్మ నన్ను చీరల్లో చుట్టి పెట్టెలో పెట్టింది. అలా సముద్రం దాటి పచ్చళ్ళ పాలయ్యాను. రెండేళ్ళకు ఆసుపత్రిలోని పింగాణీ కల్వం పగిలింది. కొత్తది ఎక్కడా దొరకలేదు. పిల్లల మందులూ దొరకని రోజులవి. పెద్దల మాత్రలనే నూరి, పిల్లల మోతాదుకు పొట్లాలు కట్టాలి. జ్ఞానప్రకాశం నన్ను సబ్బుతో తోమి, మరిగే నీళ్ళు పోసి, పనిలోకి తీసుకెళ్ళాడు. మళ్ళీ మందుల వాసన తగిలేసరికి నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆయన మంచి పనివాడు. పొట్లాలు ఇచ్చేటప్పుడు ఎన్నిసార్లు వేయాలో అక్కడి బెంబా భాషలో చెప్పి, తల్లుల చేత తిరిగి చెప్పించేవాడు. ఆదివారం చర్చిలో బెంబా పాటలకు గొంతు కలిపేవాడు. ఇంటికొచ్చి తెలుగులో కుటుంబ ప్రార్థన చేసేవాడు. కూతుళ్ళు ఆ రోజు వాక్యం అప్పజెప్పందే కంచాల ముందు కూర్చోనిచ్చేవాడు కాదు. ఏటా ఈస్టరుకు ముందు శ్రమకాలంలో నలభై రోజులూ పగలంతా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టేవాడు కాదు. మనుషులు దేవుడికి ఇచ్చేవాటిలో ఆయన అడగనివే ఎక్కువని నాకనిపిస్తుంది. రాయి అభిప్రాయం ఎవరిక్కావాలి.

ఒక సంవత్సరం, ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం మర్నాడు ఒక తల్లి మూడేళ్ళ కూతురు ములెంగాను ఎత్తుకుని మందుల కిటికీ దగ్గరకు వచ్చింది. పాపకు మూర్ఛలు. ఆ దేశంలో తల్లిని బిడ్డ పేరుతో పిలుస్తారు. బానా ములెంగా అంటే ములెంగా తల్లి అని. చర్చిలో తెలిసిన మనిషే. డాక్టరు రాసిన మూర్ఛమందు రెండు రకాల మాత్రల్లో ఉండేది. పెద్ద మాత్రలో మందు చిన్నదానికి నాలుగింతలు. పాపకు నూరవలసింది చిన్నది. రెండు సీసాలూ పక్కపక్కనే ఉండేవి. అది జ్ఞానప్రకాశం ఉపవాసంలో ముప్ఫై అయిదో రోజు. నూరుతూ నూరుతూ రెండుసార్లు నా అంచు పట్టుకుని ఆగాడు. కళ్ళు తిరుగుతున్నాయి కాబోలు. ఆ రోజు నాలో పడ్డవి పెద్ద మాత్రలు. బరువును బట్టి నాకు తెలుస్తూనే ఉంది. చెప్పడానికి నోరేది?

మర్నాడు పదింటికి బానా ములెంగా పాపను భుజాన వేసుకుని పరుగున వచ్చింది. సాయంత్రం ఒక పొట్లం, పొద్దున ఒక పొట్లం వేసిందట. పాప లేవడం లేదు. డాక్టర్ బాండా చూసి మలేరియా మెదడుకెక్కిందన్నాడు. ఆ ఊళ్ళో అది తరచూ జరిగేదే. క్వినైన్ ఇవ్వమని చీటీ మా కిటికీకి వచ్చింది. జ్ఞానప్రకాశం మందు తీసి ఇచ్చేశాడు. చీటీ మీద పేరు ఆ తర్వాత చదివాడు. వెనక్కి తిరిగి అలమార చూశాడు. చిన్న మాత్రల సీసాకు సీలు కూడా తీసి లేదు.

నిన్నటి పొడి ఇంకా నా అడుగున అంటుకునే ఉంది. ఆయన నన్ను తువ్వాల్లో చుట్టి బయటికి నడిచాడు. పిల్లల వార్డు ఎడమవైపు. ఆసుపత్రి వాళ్ళిచ్చిన ఇల్లు కుడివైపు. ఆయన కుడివైపు తిరిగాడు.

ఇంట్లో నన్ను మంచం మీద పెట్టి మోకరించాడు. పెదవులు కదులుతున్నాయి. ఎంతసేపు అలా ఉన్నాడో. కరుణమ్మ పెరట్లోంచి ఉతికిన బట్టలతో లోపలికి వచ్చింది.

"ఏవండీ, ఈ వేళప్పుడు వచ్చారేంటి? ఒంట్లో బాగోలేదా?"

ఆయన జరిగిందంతా చెప్పాడు.

"ఇంకెవరికి చెప్పారు?"

"ఎవరికీ చెప్పలేదు. ముందు ప్రార్థన చేసుకుందామని..."

కరుణమ్మ తడిబట్టలు నేల మీద వదిలేసింది. "లేవండి. ప్రార్థన దారిలో చేసుకుందురుగాని."

"ఉద్యోగం పోద్ది కరుణా. కేసు పెడతారు. పిల్లల చదువులు మధ్యలో..."

"అదంతా తర్వాత ఏడుద్దాం. అక్కడా బిడ్డ కళ్ళు తెరవట్లేదంటన్నారు గదా. లేవండి."

ఆమె ఆయన రెక్క పట్టుకుని లేపింది. రెండో చేత్తో నన్ను ఎత్తుకుంది.

వార్డులో డాక్టర్ బాండా నా అడుగున ఉన్న పొడిని చూశాడు. జ్ఞానప్రకాశం ఇంగ్లీషులో చెప్పింది విన్నాడు.

"ఈ సంగతి మీకు ఎప్పుడు తెలిసింది?"

జ్ఞానప్రకాశం గోడగడియారం వైపు చూశాడు. "ముప్పావు గంటయింది."

డాక్టరు వెళ్ళి పాపకు ఎక్కుతున్న క్వినైన్ ఆపేశాడు. మంచం పక్కన నేల మీద కూర్చున్న బానా ములెంగాకు ఇంగ్లీషు తెలుసు. ఆమె జ్ఞానప్రకాశాన్ని చూసింది. తర్వాత నన్ను చూసింది.

పాప గుడ్ ఫ్రైడే నాడు కళ్ళు తెరిచింది. ఆ మధ్యాహ్నం కరుణమ్మ భర్త ముందు అన్నం పెట్టింది. "తినండి. దేవుడు మీ ఆకలి అడగలేదు. ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చెయ్యమన్నాడు." ఆయన తిన్నాడు. ఒక్కో ముద్దకూ నీళ్ళు తాగి తాగి మింగాడు.

ములెంగా బతికింది గాని కుడికాలు ఈడ్చి నడిచేది. అది మూర్ఛల వల్లా, మందు వల్లా, ఆ ముప్పావు గంట వల్లా అన్నది డాక్టర్లు తేల్చలేకపోయారు. విచారణలో ఆ ముప్పావు గంట గురించి ఎవరూ అడగలేదు. జ్ఞానప్రకాశమే కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. ఉద్యోగం పోయింది. దూరాన ఒక మిషన్ ఆసుపత్రి వాళ్ళు దయతలచి సామాన్ల గది చూసుకునే పని ఇస్తామన్నారు. మందులు ముట్టుకోకూడదన్నారు.

సామాను సర్దుతున్న రోజు బానా ములెంగా పాపతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అంతకుముందు ఆయన రెండుసార్లు క్షమాపణ అడగడానికి వెళితే తలుపు తీయని మనిషి.

"ఆ రాయి ఏది?" అంది.

జ్ఞానప్రకాశం నన్ను తెచ్చి చూపించాడు.

"మీరు దీన్ని ఇంకో ఊరికి పట్టుకెళ్ళడానికి వీల్లేదు. నాకివ్వండి."

"నేనిక దీంట్లో మందు నూరనమ్మా. మాటిస్తున్నాను."

"మీ మాట మీద నా బిడ్డకు రెండు పొట్లాలు వేశాను."

ఆయన రెండు చేతులతో నన్ను అందించాడు. ఆ చేతులు నన్ను వదలడానికి కాస్త ఆలస్యం చేశాయి. కరుణమ్మ లోపలికి వెళ్ళి నాలో నూరే పొత్రం కూడా తెచ్చి ఇచ్చింది. బానా ములెంగా నన్ను నెత్తిన పెట్టుకుని నడిచింది. వెనక పాప కాలు ఈడుస్తున్న చప్పుడు ఇల్లు చేరేదాకా వింటూనే ఉన్నాను.

సుత్తితో పగలగొడుతుందనుకున్నాను. వంటపాక వెనక బోర్లించి వదిలేసింది. వానలు వచ్చాయి, పోయాయి. కోళ్ళు నా మీదెక్కి కూర్చునేవి. జ్ఞానప్రకాశం ఏమయ్యాడో, ఎక్కడున్నాడో నాకు తెలియదు. ఆ ఇంట్లో ఆయన పేరు ఎత్తగా నేను వినలేదు.

రెండో ఏడు వానలు వెలిశాక ఒక మధ్యాహ్నం ఆమె నన్ను వెల్లకిలా తిప్పి, బూడిద వేసి తోమింది. వేయించిన వేరుశనగపప్పు పోసి నూరింది. ఆ పొడి ఆకుకూరలో వేసి వండింది. ములెంగా కంచం ముందు కూర్చుని చెయ్యి చాపింది. తల్లి ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. ముందు తను ఒక ముద్ద తింది. పిల్ల చెయ్యి వదలకుండా, నా వైపు చూస్తూ చాలాసేపు కూర్చుంది.

"అమ్మా, ఆకలి" అంది ములెంగా.

అప్పుడు వదిలింది.