బొమ్మ బొమ్మకూ తగ్గిన మెట్ట

మెట్టను, ఆ కొండను, చంపింది మీరు. మనిషిని చంపింది మీరు. ఆ మనిషి తాగి గెడ్డ వాగులో పడి చచ్చాడని కాగితం రాయించింది కూడా మీరే. క్వారీ యజమానీ, ఆ కాగితం మీద సంతకం పెట్టిన ఆఫీసరూ, ఆ కంకర పరిచిన రోడ్డు మీద కార్లలో చల్లగాలికి పోయే పెద్దమనుషులూ, ఒకరినొకరు చూపించుకుని తప్పుకోకండి. మీ పేర్లు నాకు తెలియవు. మీరు చేసింది మాత్రం దగ్గర నిలబడి చూశాను.

నేను ఒక బొమ్మల స్టాండును. చదువుకున్నవాళ్లు ఈజిల్ అంటారు. మూడు కాళ్లు, ఒక చెక్క, మధ్యలో రెండు మరలు, అంతే. నాకు బడి లేదు. బొమ్మల కింద పరిచిన పాత పేపర్లు చూసి నాలుగు ముక్కలు నేర్చుకున్నాను. అందుకని నా మాటకు నునుపు ఉండదు. నునుపు చేసేంత తీరికా లేదు.

పుట్టింది ఆదోని వైపు నల్లరేగడి పల్లెలో. అక్కడ నేల ఎంత చదునంటే, పొద్దున కదిలిన బండి మధ్యాహ్నం దాకా కనిపిస్తూనే ఉంటుంది. వడ్ల మౌనేశాచారి విరిగిన ఎద్దుల బండి నొగను నిలువుగా చీల్చి నా కాళ్లు చేశాడు. నల్లతుమ్మ. రంపం విరిగింది గాని నేను విరగలేదు. కాళ్ల చివర ఇనుప మొనలు దిగ్గొట్టాడు. చేయించుకున్నవాడు ఉరుకుందప్ప, పత్తి మిల్లులో పని, నాలుగెకరాల చేను. అతని పెళ్లాం హంపమ్మ ఇంట్లోనే మిషను మీద జాకెట్లు కుట్టేది.

వీళ్లకు బొమ్మల పిచ్చి ఎలా పట్టిందో చెప్తే నవ్వుతారు. మిల్లువాళ్లు ఇచ్చిన కేలండరు మీద ఒక కొండ ఉంది. ఇద్దరూ పుట్టిన తర్వాత కొండ ఎక్కినవాళ్లు కారు. హంపమ్మ దాని ముందు నిలబడి, “ఇంత మన్ను ఎవరు పోసినారు మామా?” అంది. ఆ ఆదివారం దాన్ని చూసి గీయడం మొదలుపెట్టారు. తర్వాత బర్రెను గీశారు, పొయ్యిని గీశారు, పత్తి మూటలను గీశారు. జొన్నరొట్టెలు తట్టిన చేతులకే నీలం రంగు. పక్కింటి బసమ్మ గోడ మీదుగా తొంగి చూసి, “ఇంటికి సున్నం ల్యాదు, కాగితానికి రంగులా! రేపు మొగుడికి గూడ పూస్తావేమో” అని ఎగతాళి చేసేది. “పూసినా నీ మొగుడికంటే తెల్లగానే ఉంటాడు పోవే” అనేది హంపమ్మ. మనుషులు చిత్రమైనవాళ్లు. పక్కవాడు తాగి పెళ్లాన్ని కొడితే తలుపేసుకుంటారు, బొమ్మ గీస్తే మాత్రం గోడెక్కుతారు.

పత్తికట్టె పీకేసి చేను ఖాళీ అయ్యాక, ఎండల్లో పదిరోజులు కొండకు పోవడం వాళ్ల ఆనవాయితీ అయ్యింది. రైలు, బస్సు, ఆ పైన జీపు. విశాఖ మన్యంలో జీపు చివరి మలుపు దగ్గర దింపేస్తే ఎదురుగా జాకరమెట్ట. దాని పొట్టలోంచి ఊట, ఊటలోంచి గెడ్డ, గెడ్డ ఒడ్డున ముప్పై గడప. వంతల సన్నేసమ్మ తన అరుగు చూపించి పడుకోమంది. ఆమె, ఆమె తమ్ముడు దొంబు, ఆ ఇంట్లో అంతే.

మొదటి రోజు బొమ్మ చూసి సన్నేసమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. “ఇది మెట్టేటి ఒదినా? సీమల పుట్టలాగుంది!” మైదానం మనుషులు కదా, కాగితం మధ్యలో ముందు నేల గీత గీసేసి, మిగిలిన చోట్లో కొండను కుక్కారు. కొండ పట్టలేదు.

హంపమ్మ ఊరుకునే రకం కాదు. పత్తిగింజలు వరస తప్పకుండా నాటడానికి ముడులేసిన తాడు లాగుతారు వాళ్ల చేలల్లో. అలాంటిదే ఒక దారం ముడులేసి, నా తల నుంచి ముందుకు చాచిన కర్రకు వేలాడదీసింది. నా చెక్కకు గడ్డం ఆనించి, ఒంటికన్నుతో ఆ దారంలోంచి కొండను చూడాలి. ఏది ఏ ముడి దగ్గర కనిపిస్తే కాగితం అంచున అదే లెక్కలో పెట్టిన చుక్క దగ్గర గీయాలి. ఉరుకుందప్ప చేసింది ఇంకా విడ్డూరం. వాలు నేల అతనికి భయం. నేను జారి లోయలో పడతానని బండరాయికి ఉలితో మూడు గుంటలు తొలిచి నా మొనలు దించాడు. చూసి దొంబు, “బావా, స్టాండు నడిసెల్లిపోద్దనా, కాళ్లకి గొయ్యిలు తీసినావు?” అన్నాడు. ఏటేటా అదే బండ, అవే గుంటలు, అదే దారం. మెట్ట శిఖరం కింద నుంచి తొమ్మిదో ముడి. ఆరేళ్లు తొమ్మిదో ముడే.

ఏడో ఏడు ఎనిమిది అయ్యింది. ఉరుకుందప్ప పెళ్లాం మీద ఎగిరాడు. “ముడి తప్పేసినావు నువ్వు.” “నీ కన్ను తప్పు మామా, అద్దాలు పెట్టించుకో పో.” దారం విప్పి మళ్లీ కొలిచారు. ముడులు సరిగానే ఉన్నాయి. అయినా రెండు రోజులు మొగుడూ పెళ్లాం మాట్లాడుకోలేదు. కొండ తగ్గుతుందన్న ఆలోచనే ఆ ఇద్దరికీ రాలేదు. చూడ్డానికి రైలెక్కి వచ్చినంత పెద్దది, అది ఎక్కడికి పోతుంది? సన్నేసమ్మే చెప్పింది. “మీరెందుకు తగువాడతారు? మెట్టే తగ్గిపోనాది. అవతలిపక్క మందెట్టి పేల్సేస్తన్నారు.”

అక్కడి నుంచి నేను చూసింది బొమ్మలు కాదు, కసాయి పని. రోజుకు రెండుసార్లు పేలుడు. ముందు నేల ఎగిరిపడేది, ఆ తర్వాత చెవులు పగిలే చప్పుడు, ఆ తర్వాత రాళ్ల వాన. కడుపుతో ఉన్న మేక భయంతో బండల మీద నుంచి దూకి పొట్ట పగిలి చచ్చింది. ఇళ్ల గోడలు నెర్రెలిచ్చాయి. పదో ఏడు ఒక పలుగురాయి వచ్చి నా చెక్క మూల ఎగరగొట్టుకుపోయింది. ఏడు ముడులు. ఆరు ముడులు. హంపమ్మ ఆకుపచ్చ రంగు కొనడం తగ్గించింది. బూడిదరంగు సరిపోయేది కాదు.

పదమూడో ఏడు, పొద్దున పదింటికి, దొంబు ఊట దగ్గర బిందె ముంచుతున్నాడు. ఈల వేయలేదు, ఎర్రజెండా ఊపలేదు. పేల్చారు. గుమ్మడికాయంత రాయి వచ్చి అతని తల పక్కన తగిలింది. పక్కన అని మర్యాదకు అంటున్నాను. తల లేదు. గెడ్డ నీళ్లు నా బండ దాకా ఎర్రగా వచ్చాయి. నా మీద ఉన్న సగం బొమ్మ మీద కూడా చిందింది. సన్నేసమ్మ తమ్ముడి నెత్తుటి నీళ్ల బిందె పట్టుకుని వెళ్లి క్వారీ సూపర్‌వైజర్ బల్ల మీద బోర్లించింది. వాడు కాళ్లు పైకి లాక్కుని, “తాగి పడ్డాడు, నేనేం చెయ్యను?” అన్నాడు. మూడో రోజుకు ఆ మాట ముద్ర వేసిన కాగితం అయ్యింది.

ఈ ఏడు క్వారీవాళ్లు ఊట దాకా భూమి కావాలని అడిగారు. ఊట పోతే ముప్పై గడపా లేచిపోవాల్సిందే. దానికి ప్రజల అభిప్రాయం అడిగే సభ ఒకటి పెట్టారు, షామియానా, సీసాల నీళ్లు. వాళ్ల పటంలో జాకరమెట్ట ‘ముందు నుంచీ రాళ్ల దిబ్బ’. ఊట లేదు. సన్నేసమ్మ కబురంపితే మొగుడూ పెళ్లాం చేను వదిలేసి, పద్నాలుగు బొమ్మలు చుట్టి, నన్ను భుజాన వేసుకుని వచ్చారు.

“బొమ్మలు సాక్ష్యం కావమ్మా” అన్నాడు ఆఫీసరు.

“నువ్వు గీయించుకొచ్చిన పటం కూడా బొమ్మే కదా సార్” అంది హంపమ్మ. “నాది యాడ నిలబడి గీసినానో బండమీద గుంటలుండాయి. నీది యాడ కూర్చోని గీసినారు?”

జనం గొల్లున నవ్వారు. ఆమె నన్ను నిలబెట్టి, బొమ్మ తరవాత బొమ్మ ఎక్కించింది. అంచున చుక్కలు. సన్నేసమ్మ కర్రతో చూపిస్తుంటే జనం పైకి చదివారు. తొమ్మిది. తొమ్మిది. ఎనిమిది. ఏడు. పదమూడో బొమ్మ మీద ఎండిన మరక దగ్గర కర్ర ఆగింది. “ఇది రంగు కాదు బాబూ. నా తమ్ముడు” అంది సన్నేసమ్మ.

అప్పుడు వచ్చారు సూపర్‌వైజర్ మనుషులు, ఎనిమిది మంది. బొమ్మలు చీల్చారు. అడ్డం పడ్డ హంపమ్మను జుట్టు పట్టి ఈడ్చారు. ఉరుకుందప్పను బోర్లా పడేసి, అతని కుడిచేతిని నా చెక్క మీదే చాపించారు. నా కాలు ఒకటి ఊడబెరికి, ఆ కాలితోనే కొట్టారు. ఒకటి, రెండు, మూడు. తుమ్మకట్టె. నేను విరగను. వేళ్లు విరిగాయి. మొన అరచేతిలోంచి దిగి నా చెక్కలో గుచ్చుకుంది. ఇరవై ఏళ్లు ఆ చేతిని మోశాను నేను. పోలీసులు షామియానా గుంజకు ఆనుకుని చూశారు. ఆఫీసరు సీసా మూత తిప్పుకుని నీళ్లు తాగాడు. సభ వివరాల్లో రాసింది ఇదీ: ‘ఎవరూ అభ్యంతరం తెలుపలేదు.’

ఇప్పుడు నేను పోలీస్ స్టేషన్ వెనక రేకుల షెడ్డులో, తుప్పు పట్టిన బైకుల మధ్య ఉన్నాను. నా ఊడిన కాలికి చీటీ కట్టారు: మారణాయుధం. కేసు ఉరుకుందప్ప మీద! సభలో జనాన్ని కొట్టాడట. నిన్న హంపమ్మ వచ్చింది. షెడ్డు ఊచల్లోంచి నన్ను చూసి కానిస్టేబుల్‌తో అంది, “చెయ్యి విరగ్గొట్టినోళ్ల పేర్లు రాయల్యాదు, కట్టెకు మాత్రం చీటీ కట్టినారే!”

“సాక్ష్యం కదమ్మా, ముట్టుకోకూడదు.”

“అట్లయితే సాక్ష్యాన్ని అడుగప్పా, చెప్తాది.”

“మీ ఆయనకెలా ఉంది?”

“ఎడమచేత్తో తింటుండాడు. శుక్రవారం ఊటకు మందు పెడతారంట. మేం బండమీదే కూర్చుంటాం, సన్నేసమ్మ వదిన, ముప్పై గడపా. పేల్చమను.”

నన్ను అడగమందిగా, చెప్తున్నాను, రాసుకోండి. దొంబుది హత్య. హత్య కేసు కట్టండి, సూపర్‌వైజర్ మీద, యజమాని మీద, తాగి పడ్డాడని రాసినవాడి మీద. ఆ సభ కాగితం చించేయండి. మళ్లీ సభ పెట్టండి, షామియానా కింద కాదు, గెడ్డ ఒడ్డున. ఉరుకుందప్ప మీద కేసు ఎత్తేయండి. ఇది చదివి అయ్యో అనుకునే మీకు కూడా చెప్తున్నాను. అయ్యోలు నాకు వద్దు. ఇవాళ మంగళవారం. రైలుంది, బస్సుంది, జీపుంది. శుక్రవారం పొద్దుటికల్లా ఆ బండ మీద చోటు లేనంత మంది కూర్చోవాలి. లేవండి.