సంచి తరుగు

కాంటా మీద బస్తా పడగానే మొగిలయ్య కళ్లు అంకెల మీదికి పోతాయి.

“యాభై రెండు... యాభై రాస్కో!”

మెట్‌పల్లిలోని ఆ పసుపు అడ్తి దుకాణంలో ముప్పై ఒక్కేళ్లుగా ఇదే కేక. సంచి పేరు చెప్పి బస్తాకు రెండు కిలోలు కోయడం సేటు పెట్టిన రివాజు, కోసేది మాత్రం మొగిలయ్య నోరు. కనుబొమల నిండా పసుపు దుమ్ము, వంగిన వీపు, తెగిన చెప్పుకు పిన్నీసు. ఇన్నేళ్లలో ఒక్క పూట కూడా నాగా పెట్టలేదు.

శంకరవ్వ అనే ముసలి రైతు తన బస్తాను చేత్తో తడిమింది.

“ఉత్త సంచి గంత బరువుంటదా, మొగిలయ్యా?”

ఎప్పుడూ నవ్వి ఊరుకునేవాడు. ఈసారి నవ్వబోయి ఆగాడు. నిన్న కోరుట్లలో కూడా అదే కేక వేశాడు!

నిన్న సాయంత్రం పని ముగిశాక సేటును అడిగి మూడు కాంటాలు తీసుకెళ్లి సుదర్శన్ విమానాన్ని తూచాడు. గల్ఫ్‌లో విమానాల షెడ్డులో ఇరవై ఏళ్లు పనిచేసి వచ్చిన సుదర్శన్, ఇంటి వెనక రేకుల కింద మూడేళ్లు కష్టపడి ఒక్క మనిషి కూర్చునే విమానం కట్టాడు. ఒక్కో చక్రం కింద ఒక్కో కాంటా పెట్టి, జారకుండా గోనెసంచి పరచి, మొగిలయ్యే అంకెలు చదివాడు. తోక చక్రం దగ్గర అలవాటు కొద్దీ “పన్నెండు... పది రాస్కో” అన్నాడు. రెక్క కింద దూరి ఉన్న సుదర్శన్ చివరి మాట విని పది అని రాసుకున్నాడు. తోక బరువెక్కితే ముక్కు పైకి లేచి మళ్లీ దిగదని, ఇక అంతే సంగతులని చెప్పింది కూడా అతనే. ఎగిరేది ఈ రోజు పదింటికి.

సుదర్శన్ ఫోన్ ఎత్తడం లేదు. మొగిలయ్య కాంటా వదిలేసి మోపెడ్ ఎక్కాడు. వెనక సేటు తిట్లు వినబడుతూనే ఉన్నాయి. దారి పొడుగునా కొండగట్టు అంజన్నకు మొక్కాడు. సుదర్శన్‌కు ఏమన్నా అయితే తాను చంపినట్టే.

ఊరి బయటి చెలకలో చదును చేసిన బాట మీద విమానం పంకా అప్పటికే తిరుగుతోంది. మొగిలయ్య మోపెడ్‌ను బాటకు అడ్డంగా పడేసి రెండు చేతులూ ఊపాడు.

“బంద్ చెయ్యిరా సుదర్శనా! తోక బరువు తప్పు జెప్పిన!”

ఇంటి దగ్గరి కాంటాలు, సంచులు తెప్పించి మళ్లీ తూచారు. ఈసారి మొగిలయ్య సంచులు తీసి పక్కన పారేశాడు.

“పదకొండు కిలోల నాలుగు వందలు. గంతే రాస్కో.”

సుదర్శన్ కాగితం మీద మళ్లీ లెక్క వేశాడు. విమానం బరువు నిలిచే చోటు దాటకూడని గీత దాటి రెండు వేళ్లు వెనక్కి పోయింది.

“పానం నిలవెట్టినవ్ కాకా.”

“తీసెటోన్ని గూడ నేనేనాయె.”

సీటు వెనక ఉన్న బ్యాటరీని ముక్కు దగ్గరికి మార్చి, బిగించి, ఇంకోసారి తూచేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పుడు విమానం ఉరికింది, లేచింది. తాటిచెట్ల మీద ఒక చుట్టు తిరిగి, ముక్కు బుద్ధిగా వంచుకుని, సిరిసిల్ల వైపు చిన్నదైపోయింది. అమ్మయ్య! మొగిలయ్య ఉన్నచోటే కూలబడి, ఏడుపో నవ్వో తెలియకుండా నవ్వాడు. నెత్తి మీది బస్తా దించినట్టయింది.

కాంటాలు సర్దబోతుంటే శంకరవ్వ మాట గుర్తొచ్చింది. పారేసిన సంచుల్లో ఒకటి తెచ్చి కాంటా మీద పెట్టి అంకెలు చూశాడు. తర్వాత మోపెడ్ లేపుకుని మెల్లగా మెట్‌పల్లి దారి పట్టాడు.

తోక చక్రం మచ్చ పడిన ఆ గోనెసంచి, ఆరు వందల గ్రాములు చూపిస్తూ, ఎండలో కాంటా మీదే ఉండిపోయింది.