కొబ్బరినీళ్లు తాగిన తాళం

నేను ఒక అంబాసిడర్ కారును. ముసలిదాన్నని మాత్రం అనకండి, ఊరుకోను. ఎక్కడో బెంగాల్లో పుట్టి, రైలెక్కి ఈ గోదావరి గడ్డకు వచ్చాను. నా మొదటి యజమాని రాజమండ్రి ప్లీడరుగారు. వెనకసీట్లో గురక పెట్టడానికే ఆయన నన్ను కొన్నారని నా అనుమానం. ఆయన తర్వాత ఆత్రేయపురం రామభద్రరాజుగారి ఇంటికి చేరాను.

గేరు మార్చాలంటే రాజుగారికి ముచ్చెమటలు. అందుకని ఆయన భార్య సూరాయమ్మ నడపడం నేర్చుకుంది. ఊరు నవ్వింది. నవ్విన వాళ్ల పక్కనుంచే హారన్ కొట్టుకుంటూ పోయింది. నా డిక్కీ నిండా పూతరేకుల డబ్బాలు పేర్చుకుని, ఏటిగట్టు మీదుగా రాజమండ్రి కొట్లకు చేర్చేది. ఆ గోతుల్లో ఒక్క రేకు విరగనిచ్చానా, అడగండి. అయినా కాగితాల్లో యజమాని రాజుగారే. మనుషుల పద్ధతులు అలా ఉంటాయి.

కిందటి శ్రావణంలో రాజుగారు గేర్లు మార్చే పనిలేని కొత్త సెడాన్ కొన్నారు. అద్దంలాంటి ఒళ్లు, మాట్లాడే తెర, చప్పుడు చేయని తలుపు. తలుపు చప్పుడు కాకపోతే చుట్టం దిగినట్టు ఇంట్లోవాళ్లకు ఎలా తెలుస్తుందండీ? పొట్టకు రాయి తగిలితే దానికి ప్రాణం మీదికొస్తుంది. నేను రాయిని తిట్టి ముందుకు పోతాను. పెట్రోలు ఎక్కువ తాగుతానట. పనిచేసేవాడు తినడా?

"మస్తానూ, గుడి దగ్గరికే వచ్చెయ్. పూజవగానే మేం కొత్తదాన్లో వెళ్తాం, నువ్వీ పాతదాన్ని పట్టుకెళ్లి ముక్కలు చేసుకో," అని రాజుగారు పాత ఇనుము వ్యాపారికి ఫోన్లో చెప్పడం విన్నాను. సూరాయమ్మకు ఒక్క మాట చెప్పలేదు. నాకు భయం వేసింది. ఆ తర్వాత ఒళ్లు మండింది.

షోరూంవాళ్లు కొత్తదాన్ని గుడి ముందు నిలిపి వెళ్లిపోయారు. మేం ముగ్గురం వెనకే చేరాం. అప్పట్లో నా తాళం పెట్టినట్టే, రాజుగారు కొత్త తాళాన్నీ పూజపళ్లెంలో పెట్టారు. పంతులుగారు పసుపుకుంకుమలు చల్లి, కొబ్బరికాయ కొట్టి, నీళ్లన్నీ ఆ తాళం మీదే పోశారు. నా తాళం ఉత్త ఇనుపముక్క, గోదాట్లో ముంచి తీసినా దానికేం కాదు. ఆ మహాతల్లి తాళంలో మెదడుంది. అది తడిసింది.

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాక రాజుగారు తాళం మీది మీట నొక్కారు. కారు పలకలేదు. కండువాతో తుడిచి నొక్కారు, ఊది నొక్కారు. తలుపైనా తెరుచుకోలేదు.

"రాహుకాలం వచ్చేస్తోందండి, రాజుగారూ," అన్నారు పంతులుగారు.

రాజుగారు కంగారుగా భార్య వైపు తిరిగారు. "రెండో తాళం బీరువాలో ఉంది. ఈ అంబాసిడర్లో వెళ్లి చప్పున పట్రా. వచ్చాక దీన్ని మస్తాన్‌కి ఇచ్చేద్దాం."

"ఇచ్చేయడమేంటండీ?"

అప్పటికే వచ్చి పక్కన నిలబడ్డ మస్తాన్ తల దించుకున్నాడు. "ముక్కల కిందకండి, అమ్మగారూ. అయ్యగారే రమ్మన్నారండి."

సూరాయమ్మ భర్త వైపు తిరిగింది. "ఇన్నాళ్లూ నేను దీన్ని తోలి సంపాదించిందేనండీ, మీరు ఆ కొత్తదానికి పోసింది. నన్నొక్క మాట అడగాలనిపించలేదా మీకు?"

సూరాయమ్మ వంగి, కొత్తకారు చక్రాల కింది నిమ్మకాయలు తీసి నా చక్రాల కింద పెట్టింది. "పక్కకి జరుగు, మస్తానూ," అంటూ ఎక్కి కూర్చుంది.

"మరి తాళం?" అన్నారు రాజుగారు.

"ఆటో కట్టించుకుని మీరే తెచ్చుకోండి. నాకు రాజమండ్రిలో పనుంది."

ఒక్క తిప్పుకే లేచాను. నిమ్మకాయలు పచ్చడి చేశాను. పోతూ పోతూ రాజుగారి పట్టుపంచె మీద ఇంత పొగ వదిలాను. కావాలనే.