అతుక్కుపోయిన పేజీలు

కిషోర్ బాబు అబిగయీలును మొదటిసారి కొట్టింది ఒక్క ఒత్తు కోసం.

కంప్యూటరు పైకి చదువుతోంది. 'రాజ్యం' అని పలకాల్సిన చోట 'రాజం' అంది. కిషోర్ బాబు కుర్చీలోంచి లేచి, చేతిలో ఉన్న తెల్ల కర్రను శబ్దం వచ్చిన వైపు విసిరాడు. ఆ అల్యూమినియం కర్ర అబిగయీలు మెడ కింద ఎముక మీద తగిలింది. ఆమె నొప్పితో వంగిపోయి కింద కూర్చుంది. అతను చెయ్యి చాచి, "కర్ర ఎత్తియ్యి" అన్నాడు. ఆమె ఎత్తి ఇచ్చింది.

వాళ్లది ముత్తుకూరులో, పోర్టు పనివాళ్లు ఉండే వీధిలో ఒక రేకుల ఇల్లు. అతను పోర్టులో ఒక కాంట్రాక్టరు కింద వెల్డింగు పని చేసేవాడు. ఖాళీ అనుకున్న డ్రమ్ము మీద మంట పెట్టినప్పుడు అది పేలింది. ప్రాణం దక్కింది, కళ్లు పోయాయి. చెన్నై తీసుకెళ్లినా లాభం లేకపోయింది. కళ్లు పోయాకే మనిషికి కోపం వచ్చిందని వీధిలో అందరూ అనుకున్నారు. అబిగయీలుకు తెలుసు, అది నిజం కాదు. కళ్లున్న రోజుల్లోనే, తన టిఫిన్ గిన్నె తీశాడని తోటి పనివాడి దవడ స్పానరుతో పగలగొట్టిన మనిషి అతను. అప్పుడు కొట్టడానికి బయట చాలామంది ఉండేవాళ్లు. ఇప్పుడు ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది.

చూపులేని వాళ్లకు ఉద్యోగాల్లో కోటా ఉందనీ, చదువుకుంటే వస్తుందనీ నెల్లూరులోని అంధుల సంఘం కార్యదర్శి రంగనాయకులు గారు చెప్పారు. కిషోర్ బాబు పట్టుదలగా చదువుకు కూర్చున్నాడు. సంఘం ఒక పాత కంప్యూటరు, స్కానరు ఇచ్చింది. పని అబిగయీలు నేర్చుకుంది. ఆమె పుట్టిల్లు జువ్వలదిన్నె, ఇంటర్ దాకా చదివింది. పుస్తకాన్ని గాజు మీద బోర్లించి మూత నొక్కితే, లోపల దీపం ఈ కొస నుంచి ఆ కొసకు పోతుంది. పేజీ బొమ్మగా వస్తుంది. ఆ బొమ్మలోని అక్షరాలను కంప్యూటరు గుర్తు పడుతుంది. తెలుగైతే ఒత్తులు మింగేస్తుంది, గుడులు మార్చేస్తుంది. అవన్నీ మనిషి కూర్చుని దిద్దాలి. దిద్దాక కంప్యూటరు గొంతు చదివి వినిపిస్తుంది. ఆమె దిద్దిన పుస్తకాలు సంఘానికి, అక్కడి నుంచి జిల్లాలోని చూపులేని పాఠకులకు చేరేవి.

అలా పరిచయమైంది కామాక్షి టీచరు. బుచ్చిరెడ్డిపాలెంలో ప్రభుత్వ బడిలో సాంఘికశాస్త్రం చెబుతుంది. పుట్టుకతోనే చూపు లేదు. ఆమె ప్రతి పుస్తకం విని, తప్పులు పట్టి, ఫోను చేసేది.

"నాలుగో అధ్యాయంలో 'భూమి' కాస్తా 'భామి' అయింది అబిగయీలూ. మా పిల్లోళ్లు విని ఒకటే నవ్వు," అని తనూ నవ్వేది.

అబిగయీలు ఫోను స్పీకరులో పెట్టి, ఆమె చెబుతుంటే దిద్దుకునేది. కిషోర్ బాబు ఇంట్లో ఉంటే మాత్రం తక్కువ మాట్లాడేది. దెబ్బల సంగతి ఎప్పుడూ చెప్పలేదు. కానీ ఒకసారి టీచరు ఉన్నట్టుండి, "మాట్లాడేటప్పుడు ఊపిరి పట్టుకుంటున్నావు. పక్కటెముక నొప్పా?" అని అడిగింది. "మెట్టు జారి పడినా టీచరమ్మా," అంది అబిగయీలు.

ఊళ్లో కిషోర్ బాబుకు పేరొచ్చింది. కళ్లు లేకపోయినా పరీక్షకు చదువుతున్నాడని చర్చిలో లేపి నిలబెట్టి శాలువా కప్పారు. భార్య సహాయం గొప్పదన్నారు. ఆ రోజు అబిగయీలు పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని చప్పట్లు కొట్టింది. కొట్టే ముందు అతను తలుపు గడియ వేసి, దానికి వీపు ఆనించి నిలబడేవాడని వాళ్లకు తెలియదు. ఇల్లు చిన్నది. చాచిన కర్ర అన్ని మూలలకూ అందేది.

పరీక్ష ఫలితం వచ్చిన మధ్యాహ్నం అబిగయీలు కామాక్షి టీచరుతో ఫోనులో మాట్లాడుతూ పేజీలు దిద్దుతోంది. కిషోర్ బాబు బయటి నుంచి వచ్చాడు. గడియ పడిన చప్పుడైంది.

"పోయింది," అన్నాడు.

"ఈసారి కాకపోతే..."

"రెండు మార్కుల్లో పోయింది. కౌలు చట్టం మీద ప్రశ్న వచ్చింది. ఆ పాఠం నేను వినలేదు. ఇప్పుడు పుస్తకం తీసి టీకొట్టు పెంచలయ్య చేత చదివించినా. ఉంది. రెండు పేజీలు అతుక్కొని ఉన్నాయంట. నువ్వు విడదియ్యలేదు."

అది లైబ్రరీ నుంచి తెచ్చిన పాత పుస్తకం. సముద్రపు చెమ్మకు పేజీలు అట్టలు కట్టాయి. ఆమె విడదీసినవి విడదీసింది. ఆ రెండూ చేతికి ఒకటిగానే తగిలి ఉంటాయి.

"చూసుకోలేదు," అంది.

"కళ్లుండి చూసుకోలేదా?"

అతను ఆమె జుట్టు పట్టుకుని బల్ల మీదికి వంచాడు. కుడి చెయ్యి లాగి స్కానరు గాజు మీద పెట్టి మూత వేశాడు. మూత మీద మోకాలు పెట్టి మనిషి బరువంతా మోపాడు. గాజు పగిలింది. వేళ్లు విరిగిన శబ్దం ఆమెకు ముందు వినిపించింది, ఆ తర్వాతే నొప్పి తెలిసింది. ఆమె అరిచిన అరుపుకు ఫోనులోంచి గొంతు వచ్చింది.

"ఎవరు నువ్వు? వదులు ఆ పిల్లని! నేను వింటా ఉండా! పోలీసులకు ఫోన్ చేస్తా ఉండా!"

కిషోర్ బాబు ఆగాడు. "ఎవరే అది?" అని చేత్తో బల్లంతా తడిమి ఫోను అందుకుని గోడకేసి కొట్టాడు. ఆ సందులో అబిగయీలు చెయ్యి లాక్కుని మూలకు జారింది. అరచేతిలోంచి రక్తం మోచేతి దాకా కారింది. అతను స్కానరును రెండు చేతులా ఎత్తి, ఆమె ఊపిరి వినిపించే వైపు విసిరాడు. అది ఆమె భుజాన్ని రాసుకుంటూ వెళ్లి గోడకు తగిలి ముక్కలైంది. నేలంతా గాజు పెంకులు.

అతను వట్టి కాళ్లతో ఉన్నాడు. అబిగయీలు చూసింది. ఆగమని చెప్పొచ్చు. చెప్పలేదు.

అతను అడుగు వేశాడు, అరిచాడు, ఇంకో అడుగు వేశాడు. రక్తపు పాదాలతోనే వచ్చి ఆమె గొంతు దొరకబుచ్చుకున్నాడు. ఆమె కళ్ల ముందు చీకట్లు కమ్మాయి. లావు పుస్తకాల మీద బరువుకని గుడ్డ చుట్టి ఉంచిన ఇటుక బల్ల పక్కనే ఉంది. ఎడమ చేత్తో దాన్ని అందుకుని అతని చెవి పైన కొట్టింది. గొంతు మీద పట్టు వదల్లేదు. రెండోసారి ఇంకా గట్టిగా కొట్టింది. అతను కూలిపోయాడు.

ఆమె గడియ తీసి వీధిలోకి వచ్చింది. అప్పటికే జనం చేరారు. పక్కింటి టీకొట్టు పెంచలయ్య లోపలికి తొంగిచూశాడు. గాజు పెంకుల మధ్య తల పగిలి, కాళ్లు కోసుకుపోయి, కర్ర కోసం తడుముకుంటున్న కిషోర్ బాబు కనిపించాడు.

"కళ్లులేనోణ్ణి ఇట్లా కొట్టినావే! చేతులెట్లా వచ్చినాయే నీకు?"

ఎవరో ఆడమనిషి ఆమె చెంప మీద కొట్టింది. ఇంకెవరో వెనక నుంచి తన్నారు. అబిగయీలు మోకాళ్ల మీద పడి చెయ్యి చూపించింది. ఆ చెయ్యి ఎవరూ చూడలేదు. పెంచలయ్య ఆమె కొప్పు పట్టుకుని కరెంటు స్తంభం దాకా ఈడ్చుకెళ్లాడు. పోలీసు జీపు వచ్చేదాకా జనం ఆమెను అక్కడే కూర్చోబెట్టి తిట్టారు.

ఆసుపత్రిలో ఆమెకు కట్టు కట్టించి స్టేషనుకు తెచ్చాక, ఎస్సై మొదట కిషోర్ బాబు తరఫునే రాసుకోవడం మొదలుపెట్టాడు. చీకటి పడకముందే కామాక్షి టీచరు బుచ్చిరెడ్డిపాలెం నుంచి ఆటోలో వచ్చింది. కర్రతో గుమ్మం తడుముకుంటూ లోపలికి వచ్చి, "మీకు ఫోన్ చేసింది నేనే. సాక్ష్యం చెప్పడానికి వచ్చినా," అంది.

ఎస్సై ఆమె కళ్ల వైపు చూశాడు. "మీకు కనపడదు గదమ్మా. ఏం చూసినారని?"

"చూసినానని చెప్పలేదు సార్. విన్నా. గడియ పడింది. ఆయన పేజీల గురించి అడిగినాడు. ఆ పిల్ల తప్పొప్పుకొనింది. తర్వాత గాజు పగిలింది. ఆ పిల్ల అరిచింది. అప్పటిదాకా ఆయన నోట ఒక్క అరుపు లేదు. ముందు దెబ్బ ఎవరిదో రాసుకోండి."

"పాపం, కళ్లు పోయిన మనిషి. ఆ బాధలో..."

"నాకు పుట్టినప్పటి నుంచీ లేవు సార్," అంది కామాక్షి టీచరు. "నేనెవర్నీ కొట్టలేదు."

ఎస్సై అప్పటిదాకా రాసింది పక్కన పెట్టి కాగితం మార్చాడు.

బెంచీ మీద కూర్చున్న అబిగయీలు అప్పటిదాకా ఏడవలేదు. టీచరు గాలిలో చెయ్యి చాచి తడుముతూ వచ్చి ఆమె తల అందుకోగానే వెక్కివెక్కి ఏడ్చింది. ఆమె మెడ మీద వేళ్ల వాపులు టీచరు చేతికి తగిలాయి. టీచరు చెయ్యి తీయలేదు.

కిషోర్ బాబు మీద కేసు నడిచింది. అతను కొన్నాళ్లు జైల్లో ఉండి బెయిలు మీద వాళ్లమ్మ దగ్గరికి వెళ్లాడు. చర్చి పెద్ద, సమాధానం అనే ఆయన, రెండుసార్లు రాజీ చెయ్యడానికి వచ్చాడు.

"ఆయనకు నువ్వు తప్ప ఎవరున్నారమ్మా? క్షమించు," అన్నాడు.

"క్షమించమంటే క్షమిస్తానయ్యా. ఆ ఇంటికి మాత్రం పోను," అంది అబిగయీలు.

ఆమె ఇప్పుడు నెల్లూరులో సంఘం ఆఫీసులోనే పని చేస్తోంది. కుడి చేతి రెండు వేళ్లు వంగవు. పేజీలు ఎడమ చేత్తో తిప్పడం అలవాటు చేసుకుంది. స్కానరు మూత వేసేటప్పుడు మొదట్లో ఒళ్లు జలదరించేది. ఇప్పుడూ అప్పుడప్పుడు జలదరిస్తుంది.

ఒకరోజు రంగనాయకులు గారు ఒక పుస్తకం బల్ల మీద పెట్టి, ఎవరికో చెప్పకుండానే వెళ్లబోయారు.

"ఎవరు అడిగినారు సార్?" అంది ఆమె.

"కిషోర్ బాబు. మళ్లీ పరీక్ష రాస్తున్నాడంట. సంఘంలో సభ్యుడు గదా, కాదనలేం."

అబిగయీలు పుస్తకం తెరిచి చూసింది. కొత్తది, పేజీలు శుభ్రంగా ఉన్నాయి. ఫోను తీసి కామాక్షి టీచరుతో మాట్లాడింది.

"చదువు ఎవరికీ ఆపకూడదు అబిగయీలూ," అంది టీచరు.

"నేను ఆపడం లేదు టీచరమ్మా. నా చేత్తో మాత్రం చెయ్యను."

"సరే. అది నీ ఇష్టం. తప్పేం లేదు."

అబిగయీలు పుస్తకాన్ని పక్క బల్ల మీద పనిచేసే ఇర్ఫానాకు ఇచ్చింది. ఇర్ఫానా తీసుకుని స్కాన్ చేసి, దిద్ది, పంపింది. అతని పరీక్ష ఏమైందో అబిగయీలు ఎవర్నీ అడగలేదు.