ఐదో పేరు

మహబూబ్‌నగర్ శివార్లలోని ఆ ప్రైవేటు విదేశీ భాషల కాలేజీలో ఎమ్మే జర్మన్‌లో చేరిన ప్రతి విద్యార్థికీ ఒక సలహాదారుణ్ణి అంటగడతారు. ఏ పేపర్ తీసుకోవాలో, ఏది డిగ్రీకి లెక్కకొస్తుందో, ఏది రాదో చెప్పి ఫారం మీద సంతకం పెట్టడం ఆయన పని. బ్రహ్మవిద్యేం కాదు. నలభై పేజీల నిబంధనల పుస్తకాన్ని ఒక్కసారి ఒళ్లు దగ్గరపెట్టుకుని చదివితే చాలు. జీతం తీసుకునేవాళ్లకు ఆ ఒక్కసారికే తీరిక దొరకదు.

రెండు వేల ఇరవై రెండులో చేరిన నాగరాణికి సలహాదారుగా పరశురాములు సార్ పడ్డాడు. నోటీసు బోర్డు మీద ఆ పేరు చూసి ఆమె పొంగిపోయింది. మిగతా లెక్చరర్లిద్దరూ పొద్దున హైదరాబాదు రైలు దిగి సాయంత్రం రైలెక్కేవాళ్లు. ఆమె నోరు తెరిస్తే ఆ యాసకు ముసిముసిగా నవ్వేవాళ్లు. పరశురాములు సార్‌ది మాత్రం ఆమె సొంతూరు అచ్చంపేటకు పక్క ఊరే.

"ఎవలి బిడ్డవు? గొర్ల గుర్వయ్య బిడ్డవా? ఓర్నీ, మీ బాపు మా చేన్ల ఎన్నిసార్లు మంద పెట్టిండో!" అన్నాడాయన. ఆ ఒక్క మాటతో నాగరాణికి కాలేజీ సొంతిల్లయిపోయింది.

డిగ్రీలో ఇంకే సీటూ దొరక్క జర్మన్‌లో చేరిన పిల్ల ఆమె. తర్వాత ఆ భాష ఆమెను వదల్లేదు. అచ్చంపేట బస్టాండులో నిలబడి పాఠాలు వల్లె వేస్తుంటే, పక్కనున్న ముసలమ్మలు ఏవో మంత్రాలనుకుని దూరం జరిగేవాళ్లు.

ఎమ్మేకు సెమిస్టర్‌కొకటి చొప్పున నాలుగు సాహిత్యం పేపర్లు పాసవ్వాలి. మొదటి సెమిస్టర్ ఫారంలో నాటకం పేపర్ దగ్గర ఆమె టిక్కు పెట్టబోతుంటే సార్ ఆపాడు.

"నాటకమెందుకే? నా అనువాదం పేపర్ తీస్కో. అది గూడ సాహిత్యం కిందనే లెక్కైతది."

"పుస్తకంల గట్ల లేదు గద సార్?"

"పుస్తకంల అన్నీ ఉంటయా? నేను జెప్తున్న గద!"

అదే మాట కాగితం మీద రాసిమ్మని అడగాలని ఆమెకు తోచకపోలేదు. తోచింది, సిగ్గుపడి మింగేసింది. వాళ్ల బాపు ముప్పై ఏళ్లుగా రైతులతో నోటిమాట మీదే, ఎరువు కోసం వాళ్ల చేలల్లో గొర్రెల మంద పెడుతున్నాడు. ఎన్ని రాత్రులు ఆపాలి, ఎన్ని వడ్లు కొలవాలి అన్నదానికి ఏనాడూ కాగితం రాసుకోలేదు. రాసిమ్మని అడిగితే ఎదుటివాణ్ణి దొంగన్నట్టే. సొంత ఊరివాడి లాంటి సార్‌ను ఆ మాట ఎలా అంటుంది? అనువాదం దగ్గర టిక్కు పెట్టింది.

ప్రతి సెమిస్టర్ చివరా ఆమె పేపర్లు సరిచూసి సంతకం పెట్టాల్సిందీ ఆయనే. సంతకమైతే పెట్టాడు.

చివరి సెమిస్టర్ పరీక్షలు ముగిసేనాటికి మహబూబ్‌నగర్‌లోనే ఒక శిక్షణ కేంద్రం తెరిచారు. జర్మనీ వెళ్లే నర్సులకు అక్కడ భాష నేర్పుతారు. ఇంటర్వ్యూకు పదకొండు మంది వస్తే నాగరాణిని తీసుకున్నారు. జూలై పదిలోగా ఎమ్మే పాసైనట్టు కాగితం తెచ్చివ్వాలి, అంతే. వాళ్లమ్మ బక్కమ్మ ఆ ముచ్చట గూడెమంతా తిరిగి చెప్పుకుంది.

జూన్‌లో ఫలితాలు వచ్చాయి. అన్ని పేపర్లూ పాసే. అడుగున మాత్రం ఒక వరుస ఉంది: సాహిత్యం పేపర్లు మూడే ఉన్నందున డిగ్రీ నిలిపివేయడమైనది.

నాగరాణి ఆ కాగితం పట్టుకుని సార్ ఇంటికి పరుగెత్తింది. ఆయన చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, తెల్లకాగితం ముందు పెట్టాడు.

"ఫికర్ జెయ్యకు. పరీక్షల కమిటీకి దరఖాస్తు రాయి, అండ్ల నేను గూడ ఉన్న. నేను జెప్తా, నువ్వు రాయి. 'సలహాదారు వద్దని చెప్పినా వినక, నా ఇష్టప్రకారం అనువాదం పేపర్ తీసుకున్నాను. నా తప్పు మన్నించి డిగ్రీ ఇప్పించగలరు.'"

పెన్ను ఆగిపోయింది. "మీరు వద్దనలే గద సార్?"

"అనలే. నేను తప్పు జెప్పిన్నని రాస్తే నన్ను కమిటీలకెళ్లి పక్కకు జరుపుతరు. ఇగ నీ తరఫున మాట్లాడేటోడెవడు? పిల్ల తప్పొప్పుకుంది, ఇడిసిపెట్టుండ్రి అని నేనే లేసి జెప్తా. జర నా మాటిను."

అబద్ధమని తెలిసే రాసింది. మనవాడు చెప్పాడని రాసింది. ఆ రెండూ ఆమెకు తర్వాత ఎన్నో రాత్రులు నిద్రలేకుండా చేశాయి.

వారం రోజులకు దరఖాస్తు తిరస్కరించారు. పరీక్షల విభాగంలో పనిచేసే కృష్ణమ్మ వయసులో పెద్దావిడ. నాగరాణి మొహం చూసి కుర్చీ చూపించింది. నిబంధనల పుస్తకం తీసి ఒకచోట వేలు పెట్టింది. సలహాదారు పొరపాటు వల్ల విద్యార్థి వేరే పేపర్ తీసుకుని ఉంటే, దాన్నే లెక్కలో వేసుకుని డిగ్రీ ఇవ్వాలని అక్కడ అచ్చులో ఉంది. విద్యార్థి తన ఇష్టంతో తీసుకుంటే మాత్రం ఏ మినహాయింపూ లేదు, మళ్లీ ఒక ఏడాది చదవాల్సిందే.

"గీ దరఖాస్తు ఇయ్యకపోతే నీ డిగ్రీ నీకొస్తుండె బిడ్డా. నీ సేతితోని నువ్వే రాసిస్తివి. ఎవలు రాయమన్నరు?"

"కమిటీల పరశురాములు సార్ ఏమన్నడు మేడమ్?"

"ఏమంటడు? లేసి నీ దరఖాస్తు సదివి ఇనిపిచ్చిండు. కూసున్నడు."

జూలై పది దాటిపోయింది. ఆ ఉద్యోగం హైదరాబాదు నుంచి వచ్చిన ఇంకెవరికో దక్కింది. "మనోడు ఆడ ఉండంగ గిట్లెట్లయింది బిడ్డా?" అని గుర్వయ్య మూడుసార్లు అడిగాడు. నాలుగోసారి అడగబోతే బక్కమ్మ కసిరింది.

ఆగస్టులో నాటకం పేపర్ కోసం నాగరాణి మళ్లీ పేరు రాయించుకోవాల్సి వచ్చింది. దానికీ సలహాదారు సంతకం కావాలి. ఆ సలహాదారు మళ్లీ ఆయనే. ఆఖరి తేదీనాడు మధ్యాహ్నం దాకా తనతో తాను కొట్లాడి, చివరికి ఆయన గదిలోకి వెళ్లింది. ఆయన ఫారం తీసుకుని సొరుగులో పెట్టాడు.

"నీ మీద నాకేం కోపం లేదు," అన్నాడు పరశురాములు సార్, కోపం ఉండాల్సింది తనకే అయినట్టు. "గానీ నాకొక తిప్పలొచ్చింది. అనువాదం పేపర్‌కు నలుగురే అయిండ్రు. ఐదుగురు లేకపోతే పేపర్ ఎత్తేస్తరు, నా కొలువు మీదికొస్తది. మీ బ్యాచ్‌ల గూడ గిట్లనే నలుగురుండె. ఐదో పేరు నువ్వు రాస్తివి, గట్టెక్కిన. కొత్త పిల్లలు నీ మాటింటరు. ఒకర్ని తోల్కరాపో. రాంగనే సంతకం జేస్త."

తెలియక చెప్పాడేమో అని నాగరాణి ఇన్నాళ్లూ మనసులో ఒక మూల ఆయన్ని కాపాడుకుంటూ వచ్చింది. ఆయన తెలిసే చెప్పాడు. దాచాలని కూడా ఆయనకు అనిపించడం లేదు.

బయట మెట్ల మీద ఒక పిల్ల ఫారం పట్టుకుని గది నంబర్లు చూసుకుంటూ వస్తోంది.

"అక్కా, పరశురాములు సార్ రూమేది? నా పేరు నిరోష, మాది అమ్రాబాద్. సార్ మన దిక్కోడేనట గద?"

"అవు."

"నేను నాటకం పేపర్ తీస్కుందామనుకుంటున్న. మంచిదేనా అక్కా?"

చెప్పాల్సిన మాటలన్నీ నాగరాణి నాలుక చివరిదాకా వచ్చాయి. ఆ పుస్తకం నువ్వే చదువుకో, ఆయన ఏం చెప్పినా రాసిమ్మను, ముందు ఇక్కణ్ణుంచి పారిపో. గోడ గడియారంలో మూడున్నర అయింది. నాలుగింటికి ఆఫీసు మూసేస్తారు. ఫారం సొరుగులో ఉంది. ఇవాళ సంతకం కాకపోతే ఇంకో ఏడాది పోతుంది. ఇంకో ఏడాది బాపు మొహం ఎలా చూస్తుంది?

"నాకేం తెల్సు? సార్‌నడుగు," అంది. "మంచిగ జెప్తడు. పా, నేను తోల్కపోత."

తలుపు తానే తీసింది. లోపల సార్ ఎవరి బిడ్డవని అడగడం, వాళ్ల నాయిన పేరు చెప్పగానే ఆనందపడటం గుమ్మంలో నిలబడి విన్నది. పావుగంట తర్వాత రెండు ఫారాల మీదా సంతకాలు పడ్డాయి.

మెట్లు దిగుతూ నిరోష ఆమె చెయ్యి పట్టుకుంది.

"మా అమ్మ ఒక్కటే రంది పెట్టుకుంది అక్కా, తెల్వని జాగాల ఎట్లుంటవో అని. మీరున్నరని ఫోన్ల జెప్తా."