శుక్రవారం బిళ్ళ

పుండు కడిగే ముందు సుకుమారి చేతులు తోముకొని, ఆ తడిచేతుల్ని చీర కుచ్చిళ్ళకు రెండు పక్కలా రుద్దుకుంది. అది నర్సుల అలవాటు కాదు, సుద్దపొడి దులుపుకునే పంతులమ్మల అలవాటు. ఆత్మకూరులో నర్సింగు నేర్పిన మేడమ్ ఎన్నిసార్లు కసిరినా ఆ చేతులు వినలేదు. నాలుక్కరుచుకొని మళ్ళీ కడుక్కొచ్చి, ఈసారి గాలికి ఆరబెట్టింది.

కొడుకు పోయాక ఒంటరిగా ఉంటున్న లిదియమ్మ తన ఇంటి అరుగు మీద కాలు చాచుకొని కూర్చుంది. ఎండకు నల్లబడిన కాలు, పగిలిన మడమ, బొటనవేలి పక్కన పుండు. మొన్నటిదాకా రూపాయి బిళ్ళంత ఉండేది. ఇప్పుడు చుట్టూ ఎర్రటి కొత్త చర్మం వచ్చి ముడుచుకుంటోంది. దాన్ని చూస్తే సుకుమారికి కడుపు నిండినట్టయింది. శుక్రవారం కదా, మందిరంలో ప్రార్థన అయ్యేదాకా సంఘంలో ఆడవాళ్ళందరికీ ఉపవాసం. పొద్దున్నించీ కాఫీ చుక్క కూడా నోట్లో పోసుకోలేదు.

సీతారామపురం దాటాక, బస్సు రాని ఈ పల్లెకు ఆమె నర్సుగా వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. ఇంకా పూర్తి నర్సు కాదు. డిగ్రీలు చదివి ఇతర పనులు చేసినవాళ్ళకు తొందరగా నర్సింగు నేర్పి పల్లెలకు పంపే కోర్సొకటి ఆత్మకూరులో ఒక ఆసుపత్రివాళ్ళు పెడితే, అందులో చేరింది. చివరి ఆరు నెలలు ఇలా ఊళ్ళో ఉండి పని నేర్చుకోవాలి. క్లాసులో బ్యాంకు ఉద్యోగం మానినవాడు ఒకడు, బట్టల కొట్లో చీరలు చూపించిన పిల్ల ఒకతి, అందరికన్నా పెద్దది ఈమె. మొక్కై వంగనిది మానై వంగుతుందా అని బంధువులు నవ్వారు. నవ్వితే నవ్వారు. గుడ్డికన్నా మెల్ల నయం, డాక్టరు రాని ఊరికి సగం నర్సయినా నయమే అనుకుంది.

అంతకుముందు వింజమూరులో ప్రైవేటు బడిలో పంతులమ్మ. సాంఘికశాస్త్రం చెప్పేది. కరోనా పుణ్యమా అని బడి మూతపడింది. ఆ వేసవిలోనే ఆమె భర్త సురేంద్రబాబుకు గుండెనొప్పి వచ్చింది. ఆటోలో ఆత్మకూరుకు తీసుకుపోతుంటే దారిలోనే ఆమె ఒళ్ళో ప్రాణం పోయింది. రెండు డిగ్రీలు చదివిన మనిషి ఏం చేయాలో తెలియక చీరకొంగుతో విసురుతూ కూర్చుంది. ఆ విసురుడే ఆమెను నిద్రపోనివ్వలేదు. తన చేతుల్లో ఇంకో మనిషి అట్లా పోకూడదు, ఈ జన్మకు అంతే చాలు అనుకుని కోర్సులో చేరింది.

ఊళ్ళోవాళ్ళకు మాత్రం ఆమె నర్సమ్మ కాలేదు, టీచరమ్మే అయింది. ఆమె కూడా అట్లాగే మెలిగింది పాపం. ఏ మందయినా పాఠంలా చెప్పేది, మళ్ళీ అప్పజెప్పించుకునేది. తప్పు చెబితే ఇంకోసారి చెప్పించేది. ముసలివాళ్ళు సిగ్గుపడుతూనే బడిపిల్లల్లా అప్పజెప్పేవాళ్ళు. బిడ్డల దగ్గర కూడా అంత భయం లేదు వాళ్ళకు.

కిందటి వారం లిదియమ్మకు షుగరు బాగా పెరిగింది. గుచ్చిగుచ్చి అడిగితే బయటపడింది. ఆదివారం పెళ్ళికని వింజమూరు పోయి షుగరు తగ్గించే బిళ్ళ మరిచిపోయిందట, శుక్రవారం ఉపవాసమని వేసుకోలేదట. సుకుమారికి ఒళ్ళు మండింది. ఆ పుండు కాలు తీసేసేదాకా పోతే ఎవరు దిక్కు? గొంతు పెంచి, నలుగురూ వినేట్టు అడిగింది.

"దేవుడు బిళ్ళ మానమన్నాడా అవ్వా? ఏమైనా కానీ, మానకూడదు. ఏదీ, చెప్పు."

మానకూడదు, మానకూడదు అని లిదియమ్మ పదిసార్లు చెప్పింది.

ఈ పొద్దు కట్టు కట్టడం అయ్యాక అడక్కుండానే అప్పజెప్పింది. బోసినోటితో నవ్వుతూ, "ఈరోజు గూడా ఏసుకున్నా టీచరమ్మా. మానలే," అంది.

సుకుమారి ఆమె వీపు తట్టింది. శభాష్ అంది.

తర్వాత నాలుగిళ్ళు తిరిగింది. మాలకొండయ్యకు బీపీ చూసింది, ఒక బాలింతకు జ్వరం చూసింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి ప్రార్థనమందిరానికి చేరుకుంది. తాతల కాలంలో దొరలు కట్టించిన రాతిగోడలు, పైన రేకులు, లోపల చాపల మీద ఆడవాళ్ళు. పాస్టరుగారి భార్య రెబెకమ్మ ప్రార్థన నడిపిస్తోంది. లిదియమ్మ ముందువరసలో మోకరించి, నుదురు ముందున్న బెంచీకి ఆనించి, కొంగు కప్పుకొని ఉంది.

సుకుమారి వెనకనుంచి ఆమెనే చూసింది. కొంగు చాటున చెమట చెంపలమీదికి కారుతోంది. భుజాలు వణుకుతున్నాయి. నోట్లో ఏవో మాటలు, ఒకదానికొకటి పొంతన లేవు. పోయిన కొడుకును తలుచుకొని దేవుడి దగ్గర ఏడుస్తోందనుకుంది. ఎంత భక్తి అనుకుంది. తన కళ్ళూ చెమర్చాయి.

ఆమెన్ అయింది. అందరూ లేచారు, లిదియమ్మ లేవలేదు. మోకాళ్ళ మీద ఉన్న మనిషిని తనంతట తాను లేచేదాకా ముట్టుకోకూడదని ఆ సంఘంలో కట్టుబాటు. సుకుమారి ఒక అడుగు ముందుకేస్తే రెబెకమ్మ చేయి అడ్డం పెట్టింది.

"లేపొద్దులే టీచరమ్మా. గట్టి ప్రార్థనలో ఉండాది."

సరేనని బయటికి వచ్చి, బాలింత ఇంటివైపు నడిచింది. జ్వరం మళ్ళీ చూడాలి. వాకిట్లో నిలబడి సంచీ జిప్పు లాగబోతే వేళ్ళు వణికాయి. పొద్దున్నించీ ఏమీ తినలేదు కదా, ఆకలికి వణుకు. ఆ వణుకునే చూస్తూ నిలబడిపోయింది. తిండి లేని కడుపులో షుగరు బిళ్ళ పడితే చెమట, వణుకు, తడబడే మాట. క్లాసులో మేడమ్ అడిగితే అందరికన్నా ముందు చెయ్యెత్తి ఆ జవాబు చెప్పింది తనే. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే. సంచీ చంకలో పెట్టుకొని మందిరానికి పరుగెత్తింది.

కట్టుబాటు చూడలేదు. లిదియమ్మ భుజం పట్టి లాగితే మనిషి పక్కకు ఒరిగిపోయింది. ఒళ్ళంతా తడి, చల్లగా ఉంది. కళ్ళు సగం తెరుచుకున్నాయిగానీ చూపు లేదు. వేలు గుచ్చి చూస్తే షుగరు మిషన్ అంకె కూడా చూపించలేదు, మరీ తక్కువని మాత్రం రాసింది. స్పృహ లేనిదానికి నోట్లో నీళ్ళు పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, రెబెకమ్మ తెచ్చిన చక్కెరను తడిచేసి బుగ్గ లోపల రుద్దింది. నరానికి ఎక్కించే గ్లూకోజు నేర్చుకునేవాళ్ళ దగ్గర ఉంచరు. నూట ఎనిమిదికి ఫోను చేస్తే బండి ఉదయగిరి నుంచి రావాలన్నారు. కొండలెక్కి దిగే ఘాటుదారి. రుద్దుతూనే ఉంది. మళ్ళీ చక్కెర, మళ్ళీ రుద్దడం. "అవ్వా, చెప్పవ్వా, ఏదో ఒకటి చెప్పు," అని బతిమాలింది. అప్పజెప్పడం ఒక్కసారి కూడా మానని మనిషి ఈసారి ఏమీ చెప్పలేదు.

బండి చప్పుడు ఇంకా వినపడకముందే ఊపిరి ఆగింది. ఛాతీ మీద నొక్కింది, నేర్పినట్టే నొక్కింది, చేతులు పడిపోయేదాకా నొక్కింది. ఆనాడు ఏం చేయాలో తెలియదు. ఈనాడు అంతా తెలుసు. తెలిసి ఏం లాభం?

"నేనే ఏసుకోమన్నా," అంది రెబెకమ్మతో. "ఉపాసమని తెలుసు. నేను గూడా ఉపాసమే. అయినా ఏసుకోమన్నా."

రెబెకమ్మ లిదియమ్మ కళ్ళు మూసింది. మీద కప్పడానికి ముసలామె ఇంటికి పోయి ఉతికిన చీర ఒకటి తేవాలంది. మిగతా ఆడవాళ్ళను దగ్గర ఉంచి ఇద్దరూ వెళ్ళారు.

ఇంట్లో పొయ్యి చల్లారి ఉంది. పెట్టెలోంచి చీర తీస్తూ రెబెకమ్మ పొయ్యి పక్కకు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పొద్దన చెప్పినాది నాతో. టీచరమ్మ ఒంటరిది, ఉపాసం విడిచినాక ఏం వండుకుంటాది, నా కాడనే ఇంత తింటాది అన్నాది."

పొయ్యి పక్కన నేల మీద రెండు కంచాలు, రెండింట్లోనూ చేత్తో గుండ్రంగా చేసిన సంకటి ముద్ద, పక్కన గోంగూర, పైన ఈగలు వాలకుండా బోర్లించిన మూతలు.